బల్ల మీద చోటు: చిత్తూరు సీమ కతోలిక ప్రాథమిక పాఠశాలలో సహజీవనము, క్రమశిక్షణ, విశ్వాసము

ప్రవేశిక

మిషను పాఠశాలల చరిత్ర వ్రాసినవారు సాధారణముగా రెండు సంగతులు లెక్కిస్తారు. ఏ పాఠశాల ఏ సంవత్సరములో మొదలైంది, అందులో చదివినవారిలో ఎందరు పెద్ద పదవులకు వెళ్ళారు అన్నవే ఆ రెండు. ఆ లెక్కలు అవసరమే. అయితే ఐదేండ్ల బిడ్డ మొదటిసారి పలక పట్టుకొని వచ్చినప్పుడు ఎవరి ప్రక్కన కూర్చున్నాడు, తప్పు చేసినప్పుడు ఏ శిక్ష పొందాడు, మధ్యాహ్నము ఎవరితో కలసి తిన్నాడు, ప్రార్థన గంట మ్రోగినప్పుడు అతని నోట ఏ మాట పలికింది అన్న ప్రశ్నలకు ఆ లెక్కలలో జవాబు దొరకదు. బిడ్డ నడవడి, విశ్వాసము తయారయ్యేది ఈ చిన్న సంగతులలోనే.

ఈ వ్యాసములో తిరుపతి, చిత్తూరు ప్రాంతమును దృష్టిలో ఉంచుకొని కతోలిక ప్రాథమిక పాఠశాల జీవితమును పరిశీలిస్తాము. మేము ప్రొటెస్టెంటు సంఘ పరిచర్యలో ఉన్నవారము కనుక ఇది పొరుగింటి చరిత్ర. అయినా పొరుగువారికి ఎదురైన ప్రశ్న మన ఇంటి ప్రశ్న కూడా అయినందున దీనిని చేపట్టాము. మా వాదము ఇది: కతోలిక ప్రాథమిక పాఠశాలలో విశ్వాసమును నేర్పినది సత్యోపదేశ పాఠము కంటె ఎక్కువగా బల్ల మీది చోటు. చోటు సమానముగా ఉన్న దగ్గర ప్రార్థనకు అర్థము కలిగింది. చోటు సమానముగా లేని దగ్గర ప్రార్థన కంఠస్థ పాఠముగానే మిగిలింది.

1. పుంగనూరు: బడికి ముందున్న బడి

తెలుగు సీమలో కతోలిక విశ్వాస చరిత్రకు చిత్తూరు ప్రాంతము ఒక తొలి వాకిలి. 18వ శతాబ్ది ఆరంభములో పుదుచ్చేరి నుండి బయలుదేరిన ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరులో అడుగుపెట్టారు. కర్ణాటక మిషను అని పేరు పొందిన ఆ పని అక్కడి నుండి అనంతపురము వైపు కృష్ణాపురము వరకు వ్యాపించింది. మదురైలో రాబర్టు దె నోబిలీ 1606 తరువాత చూపిన మార్గములోనే వీరు సన్యాసుల వేషము ధరించి, మాంసము విడిచి, దేశభాష నేర్చుకొని జీవించారు. వీరిలో పండితులు ఉండేవారు. కృష్ణాపురములో పని చేసిన ఫాదర్ కర్దూ సంస్కృత, లాటిను భాషల మధ్య బంధుత్వమును గురించి 1767లో పారిసులోని పండితులకు వ్రాసి పంపినవాడు.

కాని పల్లెలోని బిడ్డకు విశ్వాసము అందినది పండితుని చేతి నుండి కాదు, ఉపదేశి నోటి నుండి. ఒక్క గురువు అనేక గ్రామములను చూడవలసి వచ్చేది. ఆయన ఒక ఊరికి వచ్చి వెళ్ళిన తరువాత మళ్ళీ వచ్చేలోగా పిల్లలకు సిలువ గుర్తు వేయడము, పరలోక జపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహము నేర్పే భారము ఉపదేశిది. ప్రశ్నకు జవాబుగా అల్లిన ఉపదేశమును రాగయుక్తముగా చెప్పించేవారు. పుస్తకము లేదు, భవనము లేదు. తమిళ దేశములో బెస్కీ గురువు, అనగా వీరమాముని, ఉపదేశుల నడవడికై ‘వేదియర్ ఒళుక్కం’ అను గ్రంథమును ప్రత్యేకముగా వ్రాయడమును బట్టి ఈ పరిచర్య ఎంత ప్రధానమో గ్రహింపవచ్చును. బోధించువాని ప్రవర్తన చక్కబడక బిడ్డ ప్రవర్తన చక్కబడదని ఆయన ఎరుగును.

1773లో రోము యేసుసభను రద్దు చేసింది. 1776లో పారిసు విదేశీ మిషను సభవారు ఈ పనిని స్వీకరించారు గాని గురువులు కొద్దిమంది. హైదరాలీ కాలపు యుద్ధములు కూడ ఈ సీమను కలచివేశాయి. ఆ దినములలో విశ్వాసమును నిలిపినది ఇండ్లలో తల్లులు, ఉపదేశులు చెప్పించిన కంఠస్థ జపములే. కాబట్టి కంఠస్థమును తేలికగా చూడరాదు. ఆపత్కాలములో గుర్తున్నదే మిగులుతుంది.

అయితే ఈ తొలి బడికి ఒక లోపము పుట్టుకతోనే వచ్చింది. పై కులములవారు దూరము కాకూడదని కులాచారములను చాలవరకు అలాగే ఉండనిచ్చారు. దీనిపై సంఘములోనే తీవ్ర వివాదము చెలరేగింది. 1704లో పుదుచ్చేరిలో దె తూర్నోను ఇచ్చిన ఆజ్ఞ, 1744లో పోపు 14వ బెనెడిక్టు ఇచ్చిన తీర్పు ఈ ఆచారములను గూర్చినవే. అంటరానివారని పిలువబడిన విశ్వాసుల ఇండ్లకు వెళ్ళి రోగులకు సంస్కారములు ఇవ్వడానికి గురువు జంకవచ్చునా అన్నది ఆ వివాదములో ఒక ముఖ్య ప్రశ్న. 1744 తీర్పు తరువాత కూడ ఆ ప్రజల కొరకు ప్రత్యేక గురువులను నియమించడమే పరిష్కారముగా తోచింది. ఒకే బాప్తిస్మము, వేరు వేరు గుమ్మములు. ఈ వారసత్వమే తరువాత పాఠశాల ముంగిటికి వచ్చి నిలిచింది.

2. అరుగు బడి శిక్షలు, మిషను బడి క్రమము

మిషను పాఠశాలలే ఈ దేశమునకు క్రమశిక్షణ నేర్పాయని కొందరు వ్రాస్తారు. అది నిజము కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదిక అరుగు బడులను గురించి ఎంతో వివరముగా చెబుతుంది. నేటి అనంతపురము ప్రాంతము కూడ అప్పుడు ఆ జిల్లాలోనిదే. ఆయన లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఉదయము ఆరు గంటలకే బడి తెరిచేవారు. మొదట వచ్చిన బిడ్డ అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవ వానికి సున్న. మూడవ వానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవ వానికి రెండు, ఆ తరువాత వచ్చే ప్రతివానికి ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. సోమరులకు బెత్తము దెబ్బలు, గుంజీలు, చేతులు కట్టి పై కప్పు నుండి వ్రేలాడదీయడము ఉండేవి. ఈ చివరిదానినే మన పెద్దలు కోదండము అనేవారు.

అనగా క్రమము ఇక్కడ ముందే ఉన్నది, దానితోబాటు కాఠిన్యమూ ఉన్నది. ఈ అరుగు బడుల నుండి పాశ్చాత్యులు నేర్చుకొన్నదీ ఉన్నది. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమములో ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దడము చూచి తన విధానమును రూపొందించి, పెద్ద విద్యార్థులచేత చిన్నవారికి చదువు చెప్పించే పద్ధతిని 1797లో ఇంగ్లండులో ప్రకటించాడు.

మరి కతోలిక పాఠశాల తెచ్చిన క్రొత్త సంగతి ఏమిటి? దానికి మూలము ఫ్రాన్సులో దొరుకుతుంది. పునీత జాన్ బాప్టిస్టు దె లాసాల్ (1651–1719) రైమ్సు పట్టణములో పేద పిల్లలకై ఉచిత పాఠశాలలు స్థాపించి, లాటినుకు బదులు మాతృభాషలో చదువు ప్రారంభించాడు. ఆయన మరణానంతరము 1720లో అచ్చయిన పాఠశాల నిర్వహణ గ్రంథములో ఒక సంగతి మమ్మును ఆకర్షించింది. పిల్లలు ఉదయపు ఆహారమును బడిలోనే, ఉపాధ్యాయుని ఎదుట తినాలి. తినే మర్యాద నేర్పడము దాని ఉద్దేశము. ఆ సమయమున ఒక బుట్ట త్రిప్పుతారు. రొట్టె ఎక్కువ తెచ్చుకొన్నవారు అందులో వేస్తారు. అది లేని పిల్లలకు పంచబడుతుంది. గంట కొట్టడము, ప్రార్థన చెప్పించడము, తాళపుచెవి కాపాడడము వంటి బాధ్యతలు పిల్లలకే అప్పగింపబడతాయి. బెత్తము ఆ గ్రంథములోనూ ఉన్నది. కాని బెత్తము ప్రక్కన ఒక బుట్ట కూడ ఉన్నది.

తరువాతి శతాబ్దములో డాన్ బోస్కో (1815–1888) ఒక అడుగు ముందుకు వేశాడు. తప్పు జరిగిన పిమ్మట దండించుటకంటె, తప్పుకు తావు లేకుండ పిల్లల మధ్య ఉండి ప్రేమతో కాపాడుట మేలని 1877లో వ్రాసిన చిన్న ప్రకరణములో వివరించాడు. వివేకము, మతము, వాత్సల్యము అను మూడు స్తంభముల మీద ఆయన పద్ధతి నిలిచింది. ఆయన సభవారు 1906లో తంజావూరు చేరారు.

ఈ ఆదర్శములన్నియు మన తరగతి గదులలో అలాగే అమలయ్యాయని చెప్పలేము. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను బెత్తమునకు ప్రమాణపత్రముగా వాడుకొన్న ఉపాధ్యాయులు అన్ని సంఘముల పాఠశాలలలోను ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లో పాఠశాలలలో శారీరక దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము దేశమంతటికీ ఆ నిషేధమును వర్తింపజేసింది. క్రీస్తు పేరు పెట్టుకొన్న పాఠశాలలు చట్టము కంటె ముందే ఈ పని చేసి ఉండవలసినది.

ఇందులో వేదాంతపరమైన సంగతి కూడ ఉన్నది. కతోలిక బిడ్డ మొదటి దివ్యసత్ప్రసాదమునకు ముందు పాపసంకీర్తనము చేస్తాడు. తన తప్పును తన నోటితో చెప్పి క్షమాపణ పొందడము దాని సారము. బడిలో నిజము చెప్పిన బిడ్డను కొట్టి, గుడిలో నిజము చెబితే క్షమాపణ దొరుకుతుందని బోధిస్తే ఆ బిడ్డ దేనిని నమ్ముతాడు? దెబ్బల భయము అబద్ధమును నేర్పుతుంది. సంస్కారమునకు సిద్ధపరచే పాఠశాలలో శిక్షా విధానము కూడ ఆ సంస్కారమునకు సాక్ష్యముగా ఉండాలి.

3. బల్ల, సద్ది, కులము

1876–78 నాటి గొప్ప కరువు రాయలసీమను, ఉత్తర ఆర్కాటును పీడించింది. చిత్తూరు, తిరుపతి అప్పుడు ఉత్తర ఆర్కాటులోనివి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనివి. వీటిని కలిపి చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కరువు నాటినుండి తెలుగు దేశములో దళితులు సమూహములుగా క్రైస్తవ సంఘములలో చేరడము వేగము పుంజుకొన్నది. ఇక్కడ ప్రొటెస్టెంటు మిషనులు అప్పటికే పని చేస్తున్నాయి. 1853లో సంఘముగా ఏర్పడిన ఆర్కాటు మిషను చిత్తూరును తొలి కేంద్రములలో ఒకటిగా చేసికొన్నది. వాక్య ప్రకటనే ప్రధానమని, పాఠశాలలు క్రైస్తవ పిల్లలకు మాత్రమేనని మొదట నియమము పెట్టుకొన్నది. 1865లో సూళ్ళూరుపేటలో దిగిన హెర్మన్స్‌బర్గు లూథరను మిషను క్రమముగా తిరుపతి వైపు విస్తరించింది.

ఆ కాలపు పల్లె మిషను బడిని ఊహించుకొనుట కష్టము కాదు. దళితవాడలో ఒక పూరిపాక. వారములో ఆరు దినములు బడి, ఆదివారము గుడి. ఉపాధ్యాయుడే ఉపదేశి. అరుగు బడిలో చోటు దొరకని బిడ్డకు అది మొదటి వాకిలి. ఈ మేలును ఎవరూ కాదనలేరు. కాని ఒక మాట గమనించాలి. ఆ పాకలో అందరూ ఒకే వాడ పిల్లలు. అక్కడ సమానత్వము సులభము, ఎందుకనగా పై కులపు బిడ్డ అక్కడ లేడు. నిజమైన పరీక్ష వచ్చినది పట్టణ పాఠశాలలలో, బోర్డింగులలో. అక్కడ రెడ్డి కతోలికుని బిడ్డ, దళిత కతోలికుని బిడ్డ, హిందువుల బిడ్డలు ఒకే గదిలో కూర్చోవలసి వచ్చింది. నోబిలీ కాలము నుండి వాయిదా పడుతూ వచ్చిన ప్రశ్న ఆరేండ్ల పిల్లల ఎదుట నిలిచింది.

యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో (2:1–4) విశ్వాసమును కొలిచినది కూర్చునే చోటుతోనే. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలము, మురికి బట్టలవానికి పాదముల దగ్గర స్థలము చూపిన సంఘమును ఆయన గద్దించాడు. పౌలు కొరింథీయులకు వ్రాసినది (1 కొరింథీ. 11:17–34) తినే బల్లను గురించి. ముందు వచ్చినవారు తిని తృప్తిపొందుతుంటే లేనివారు ఆకలితో నిలిచిన భోజనము ప్రభువు భోజనము కాదని ఆయన తీర్పు. తెలుగులో మనము బల్ల అన్న ఒక్క మాటనే కూర్చునే పలకకూ, ప్రభువు బల్లకూ వాడుతాము. ఈ రెండు బల్లలకు సంబంధము ఉన్నదని బిడ్డకు ముందుగా తెలిపేది పాఠశాలే.

మధ్యాహ్నపు సద్దిమూట విప్పినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఒకనికి వరి అన్నము, ఒకనికి రాగి సంగటి, ఒకనికి ఏమియు లేదు. 1950ల తరువాత అమెరికా నుండి కతోలిక సహాయ సంస్థల ద్వారాను, ఇతర సంస్థల ద్వారాను పాలపొడి, గోధుమ రవ్వ వచ్చినప్పుడు ఆ ఆహారము చాలమంది పిల్లలను బడిలో నిలిపింది. దానితో తిండి కొరకు మతము మారారన్న నింద కూడ వచ్చింది. ఆ నిందకు సరియైన జవాబు వాదనలో లేదు, ఏ మతపు బిడ్డకైనా ఒకే గరిటెతో వడ్డించడములో ఉన్నది. 2001లో సుప్రీము కోర్టు ఇచ్చిన ఉత్తర్వు పిమ్మట 2003 నుండి మన రాష్ట్ర ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్న భోజనము ప్రభుత్వ పథకమైంది. లాసాల్ బుట్ట చేసిన పనిని రాజ్యము స్వీకరించిందని మేము భావిస్తాము.

సంఘము తన లోపమును ఒప్పుకొన్న సందర్భము కూడ ఉన్నది. 2016లో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారతపై ఒక విధానపత్రమును ప్రకటించి, సంఘములో కులవివక్ష ఉన్నదని, అది పాపమని బహిరంగముగా పలికింది. 1992లో కడప మేత్రాసనము కొరకు గురువుగా అభిషిక్తుడైన పూల ఆంథోనీ 2022లో కార్డినలు అయ్యాడు. దళితులలోనుండి, తెలుగువారిలోనుండి ఆ స్థానమునకు చేరిన మొదటివాడు ఆయనే. 1976లో ఏర్పడిన కడప మేత్రాసనములోనే చిత్తూరు జిల్లా కూడ ఉన్నది గనుక ఈ వార్త మన సీమకు దగ్గరి వార్త. పేదరికములో పుట్టి మిషనరీల సాయముతో చదువు కొనసాగించిన ఒక బిడ్డ కథ అది.

4. సత్యోపదేశము, నీతిబోధ

1910కి ముందు కతోలిక పిల్లలు సాధారణముగా పది, పన్నెండేండ్లు దాటిన తరువాతే మొదటి సత్ప్రసాదము స్వీకరించేవారు. ఆ సంవత్సరము ఆగస్టులో పోపు 10వ పయస్సు ఆజ్ఞతో ఆ వయస్సు సుమారు ఏడేండ్లకు తగ్గింది. దీని ఫలితము పాఠశాల మీద పెద్దది. బిడ్డను సంస్కారమునకు సిద్ధపరచే పని ఇప్పుడు రెండవ, మూడవ తరగతుల కాలమునకు వచ్చింది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు సంఘ పరిచారకుడైనాడు.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము రెండు హద్దులు గీసింది. 30(1) అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడిపే హక్కు ఇచ్చింది. 28(3) అధికరణము ప్రభుత్వ సహాయము పొందే పాఠశాలలో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల సమ్మతి లేక మతబోధకు గాని ఆరాధనకు గాని కూర్చోబెట్టరాదని చెప్పింది. దీనికి అనుగుణముగా కతోలిక పిల్లలకు సత్యోపదేశము, ఇతరులకు నీతిబోధ అను విభజన స్థిరపడింది. 1965లో రెండవ వాటికను మహాసభ విద్యపై చేసిన ప్రకటన కూడ పేదలను, విశ్వాసపు వరము పొందనివారిని ప్రత్యేకముగా ఆదరించుమని కోరింది.

తిరుపతిలో ఈ విభజనకు మరింత సున్నితత్వము అవసరము. తిరుమల కొండ నీడలో ఉన్న పట్టణమిది. ఇక్కడి కతోలిక పాఠశాలకు వచ్చే బిడ్డలలో నుదుట నామము ధరించి వచ్చేవారు ఉంటారు. 2007లో ఆరాధనా స్థలములలో అన్యమత ప్రచారమును నిషేధించే చట్టము మన రాష్ట్రములో వచ్చినది కూడ తిరుమల విషయములోని ఆందోళన నేపథ్యములోనే. పాఠశాల ఆరాధనా స్థలము కాకపోయినా, పొరుగువారి మనస్సు నొప్పింపరాదన్న ధర్మము దానికి వర్తిస్తుంది. 2024లో కతోలిక మేత్రాణుల సమాఖ్య తన పాఠశాలలకు ఇచ్చిన మార్గదర్శకములలో ఇతర మతముల విద్యార్థులపై క్రైస్తవ ఆచారములను రుద్దరాదని, ఉదయపు సమావేశములో రాజ్యాంగ పీఠికను చదివించాలని, సర్వమత ప్రార్థనా గదిని ఏర్పరచాలని సూచించింది.

కొందరు విశ్వాసులు దీనిని వెనుకంజ అంటారు. మేము అలా తలంచము. సమ్మతి లేని ప్రార్థన ప్రార్థన కాదు. యేసు చిన్నబిడ్డలను దగ్గరకు తీసికొన్నప్పుడు (మార్కు 10:13–16) వారిని ఏ ఉపదేశమూ అప్పజెప్పమని అడుగలేదు, ఎత్తుకొని ఆశీర్వదించాడు. హిందూ బిడ్డ కతోలిక బడి నుండి తీసికొని వెళ్ళే సాక్ష్యము కూడ అటువంటిదే. తనను ఎవరు పేరుపెట్టి పిలిచారు, జ్వరము వచ్చిన దినము ఎవరు ఇంటికి చేర్చారు అన్నది ఆ బిడ్డ మరువడు. కాని దీనికి మరొక ప్రక్క ఉన్నది. నీతిబోధ అన్న పేరుతో సత్యోపదేశమును కూడ పలుచన చేసి, కతోలిక బిడ్డకే తన విశ్వాసము అందకుండ పోతే అదియు నష్టమే. పుంగనూరు ఉపదేశి పుస్తకము లేకుండ నేర్పగలిగినదానిని ముద్రిత పుస్తకములున్న పాఠశాల నేర్పలేకపోతే జవాబు చెప్పుకోవలసినది సంఘమే.

5. నేటి పరీక్ష

బల్ల మీద కులము గీసిన గీత చాలవరకు చెరిగిందనుకొన్న కాలములో రుసుము మరొక గీత గీసింది. ఇంగ్లీషు మాధ్యమమును తల్లిదండ్రులు కోరారు. దానిలో తప్పు లేదు. దళిత బిడ్డకు కూడ అది కావలెను. అయితే ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలు రుసుముల మీద నడుస్తాయి. ప్రభుత్వ సహాయముతో ఉచితముగా నడిచిన తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు, ఉపాధ్యాయుల ఖాళీలు నిండక క్షీణిస్తూ వచ్చాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలు తమ సిబ్బందిని, ఆస్తులను అప్పగించే మార్గమును తెరిచింది. తల్లిదండ్రులు, విద్యార్థులు నిరసన తెలిపిన తరువాత అదే సంవత్సరము నవంబరులో ఇది యాజమాన్యముల ఇష్టమునకే విడువబడినదని స్పష్టపరచింది. 2014లో సుప్రీము కోర్టు ప్రమతి కేసులో అల్పసంఖ్యాకుల పాఠశాలలను విద్యాహక్కు చట్టము నుండి మినహాయించింది. ఆ తీర్పు సరియైనదేనా అని 2025లో అదే కోర్టు ధర్మాసనమొకటి సందేహము వెలిబుచ్చి విస్తృత ధర్మాసనమునకు నివేదించింది.

చట్టపు వాదన ఎటు తేలినా, మన ముందున్న ప్రశ్న చట్టము కంటె లోతైనది. మినహాయింపు అన్న హక్కు మనకు ఎందుకు ఇవ్వబడింది? బలహీనులైన సమాజము తన బిడ్డలను కాపాడుకొనుటకు. ఆ హక్కుతో నిలిచిన పాఠశాలలో ఆ సమాజపు పేద బిడ్డకే చోటు లేకపోతే, హక్కు మిగిలి దాని ప్రయోజనము పోయినట్లే. కూలికి వెళ్ళే కతోలిక తల్లి తన బిడ్డను ప్రభుత్వ బడిలో వేసి, ఆదివారము అదే పాఠశాల ఆవరణలోని గుడికి దివ్యబలిపూజకు వచ్చి, తాళము వేసిన తరగతి గదుల ముందు నుండి నడిచి వెళ్ళే పరిస్థితి రాకూడదు. వస్తే, అది యాకోబు పత్రిక గద్దించిన సంఘమే.

ముగింపు

మా పరిశీలన మూడు మాటలలోనికి వస్తుంది. మొదటిది, కంఠస్థ జపము, ఉపదేశి పరిచర్య ఈ సీమలో విశ్వాసమును నిలిపాయి. వాటిని గౌరవించాలి, నేటి తరగతి గదిలో వాటి స్థానమును తిరిగి నింపాలి. రెండవది, విద్యార్థి నడవడిని దిద్దినది బెత్తము కాదు. బాధ్యతలు అప్పగించిన గంట, పంచుకొన్న బుట్ట, నిజము చెబితే క్షమించే పెద్దవారు దానిని దిద్దారు. మూడవది, బల్ల మీద చోటు సమానముగా లేనంతవరకు ఏ ప్రార్థనా పూర్తి కాదు.

ఈ మాటలు కతోలిక పాఠశాలలకు మాత్రమే చెప్పడము మాకు తగదు. ఆర్కాటు మిషను, లూథరను మిషను వారసత్వముగా వచ్చిన మన పాఠశాలల తలుపుల దగ్గర నిలబడి ఇవే ప్రశ్నలు అడుగవలసిన అవసరము ఉన్నది. ప్రతి మేత్రాసనము, ప్రతి సినడు తన అధీనములోని ప్రాథమిక పాఠశాలలలో ఈ సంవత్సరము ఎందరు పేద క్రైస్తవ బిడ్డలు, ఎందరు దళితవాడ బిడ్డలు రుసుము లేకుండ చదువుతున్నారో లెక్కించి తన వార్షిక సభ ముందు ఉంచాలని మా విన్నపము. స్థాపన సంవత్సరములను, పెద్ద పదవులను ఇంతకాలము లెక్కించాము. ఇకమీదట ఈ లెక్కను కూడ వ్రాయుదము.